80 కిలోల దగ్గర ఆగిపోయాను: ఒళ్ళు ఆపుతోందా, భయం ఆపుతోందా?

ఆటోనగర్_గుమస్తా

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే గానీ ఒక్క ముక్క రాసింది లేదు, ఈసారి తప్పలేదు. నాది విజయవాడ. పటమటలో ఉంటాను, ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల కొట్లో లెక్కలు రాస్తాను. వయసు 31, బరువు 72. జిమ్‌కి వెళ్ళడం మొదలుపెట్టి ఏడాదిన్నర అయింది, రాత్రి కొట్టు కట్టేశాక ఎనిమిదిన్నరకి వెళ్తాను.

నా గొడవంతా స్క్వాట్‌తోనే, అదే, భుజాల మీద బార్ పెట్టుకుని కూర్చుని లేవడం. సంక్రాంతి దాకా బండి బాగానే నడిచింది, 80 కిలోలతో ఆపకుండా ఐదుసార్లు (రెప్స్), అట్లా మూడు విడతలు (సెట్లు) చేసేవాడిని. పండక్కి ఊరెళ్ళి అరిసెలు తినొచ్చిన ఊపులో 85 వేశా. రెండో రెప్‌కి కింద కూర్చున్నవాడిని ఇక లేవలేదు. సేఫ్టీ పిన్నులు, అంటే బార్ పడితే ఆపడానికి ర్యాక్‌కి ఉండే అడ్డకడ్డీలు, ఎక్కడో అడుగున ఉన్నాయి, మా జిమ్‌లో వాటిని ఎవరూ ముట్టుకోరు. నడుము ముందుకి వాలిపోయి బార్ మెడ మీదికి జారుతుంటే గట్టిగా అరిచాను. ఇద్దరు పరుగెత్తుకొచ్చి చెరో పక్క పట్టుకుని లేపారు. దెబ్బేమీ తగల్లేదు. ట్రైనర్ మాత్రం "ఏంటి బాసూ, అరిసెలు ఇంకా అరగలేదా" అన్నాడు, అందరూ నవ్వారు, నేనూ నవ్వేశాను. ఇంటికొచ్చి అన్నం కలుపుకుంటుంటే చేతులు వణుకుతున్నాయి. ఈ మాట మా ఇంట్లో కూడా చెప్పలేదు.

అప్పటి నుంచి నాలుగు నెలలుగా 80 దగ్గరే కూర్చున్నాను. మొన్న ఫ్రెండ్‌తో వీడియో తీయించుకుని చూస్తే ఐదో రెప్ కూడా మొదటి రెప్‌లాగే సాఫీగా లేస్తోంది. అంటే ఒంట్లో సత్తా ఉన్నట్టే కదా? కానీ 85కి ప్లేట్లు ఎక్కించి ర్యాక్ కింద నిలబడగానే నోరెండిపోతుంది. ఫోన్ చూసుకుంటున్నట్టు నటించి, ప్లేట్లు తీసేసి మళ్ళీ 80 చేసేస్తా. యూట్యూబ్‌లో ప్రతివాడూ "కంఫర్ట్ జోన్ దాటు" అని అరిచేవాడే, ఎట్లా దాటాలో చెప్పేవాడు లేడు. ఎవరికైనా ఇలా జరిగిందా? ఏం చేశారు?

బెజవాడ_బీస్ట్

బ్రో, ఇంత ఆలోచిస్తే అయ్యే పని కాదిది. ప్రీ వర్కౌట్ పొడి (కెఫీన్ ఉండేది) రెండు స్కూపులు కొట్టు, ఇయర్‌ఫోన్స్‌లో మాస్ పాట పెట్టు, 85 కాదు డైరెక్టుగా 90 వెయ్. 90 భుజం మీద పెట్టుకున్నాక 85 దూదిలాగా ఉంటది. నేను అట్లానే 100 దాటా. భయపడేవాడు యోగా చేసుకోవాలి.

చీరాల_బార్బెల్

పైన బీస్ట్ తమ్ముడు చెప్పింది ఒక్కటి కూడా చెయ్యకు గుమస్తా గారూ, ముందు అది పక్కన పెట్టండి.

మీ పోస్టు రెండుసార్లు చదివాను. మీకు లేనిది ధైర్యం కాదు, బార్ వదిలెయ్యడం మీకు ఎవరూ నేర్పలేదు. నేను చిన్నప్పుడు బాపట్ల దగ్గర ఓ షెడ్డులో నాలుగేళ్ళు వెయిట్ లిఫ్టింగ్ చేశాను, పెద్దగా ఏమీ సాధించలేదు, జిల్లా స్థాయి దగ్గరే ఆగిపోయాను. కానీ మా మాస్టారు మొదటి వారం మాకు ఎత్తడం నేర్పలేదు, పడెయ్యడం నేర్పారు. ఖాళీ బార్ తల మీదికి ఎత్తి ముందుకు వదిలి వెనక్కి గెంతాలి, తర్వాత వెనక్కి వదిలి ముందుకు గెంతాలి. రోజుకి ముప్ఫై నలభై సార్లు. పిల్లలం కదా, మాకు అదో ఆట. వారం తిరిగేసరికి బార్ చేతిలోంచి పోతే ఎక్కడికి పోవాలో కాళ్ళకే తెలిసిపోయింది. ఆ తర్వాత ఎంత బరువు వేసినా "లేవకపోతే ఏమవుతుంది" అన్న ప్రశ్న రాలేదు, ఎందుకంటే ఏమవుతుందో వందసార్లు చూసేశాం.

మీకు ఆ ప్రశ్నకి ఉన్న సమాధానం ఒక్కటే, సంక్రాంతి తర్వాత జరిగింది. అది గుర్తున్నంత కాలం ఒళ్ళు బ్రేక్ వేస్తూనే ఉంటుంది, వెయ్యాలి కూడా. 85 కిలోల కింద ఇరుక్కుంటే బయటికి దారి లేదని దానికి తెలుసు, ఆ విషయంలో దాని తప్పేమీ లేదు.

మా వైపు స్టువర్టుపురం కుర్రాడు రాగాల వెంకట రాహుల్ 2018లో గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల శరీర బరువు విభాగంలో స్వర్ణం తెచ్చాడు, రెండు లిఫ్టులూ కలిపి మొత్తం 338 కిలోలు. జనానికి ఆ అంకె ఒక్కటే గుర్తు. కానీ ఆ ఆటలో స్నాచ్‌కి (ఒకే ఊపులో తల మీదికి ఎత్తడం) మూడు, క్లీన్ అండ్ జర్క్‌కి (ముందు భుజాల దాకా, తర్వాత తల మీదికి) మూడు అవకాశాలు ఇస్తారు. ఎందుకు మూడు? తప్పుతాయని తెలుసు గనకే. మన శ్రీకాకుళం కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130 ఎత్తాక ఆఖరి ప్రయత్నానికి 137.5 అడిగారు, అది లేవలేదు. 240తో కాంస్యం తీసుకుని వచ్చారు. ప్రపంచమంతా చూస్తుండగా బార్ కింద పడింది, ఆ రోజే ఒలింపిక్ పతకం గెలిచిన మొట్టమొదటి భారత మహిళ అయ్యారు. మీ జిమ్‌లో నలుగురు నవ్విందానికి మీరు నాలుగు నెలలు ఆగిపోయారు.

సరే, ఉపన్యాసం ఆపి పనిలోకి వస్తా. ర్యాక్‌లో ఖాళీ బార్ భుజాల మీద పెట్టుకుని పూర్తిగా కిందికి కూర్చోండి. అక్కడ బార్‌కీ పిన్నుకీ మధ్య రెండు వేళ్ళ సందు ఉండేలా పిన్నులు పైకి జరపండి. రెండు వైపులా ఒకే కన్నంలో ఉన్నాయో లేదో చూడండి, తొందరలో చాలామంది అక్కడే పొరపాటు చేస్తారు. ఇప్పుడు కావాలనే ఫెయిల్ అవ్వండి. కిందికి కూర్చుని ఇంకో రెండు వేళ్ళు దిగి, బార్‌ని పిన్నుల మీద వదిలేసి తల వంచి ముందు నుంచి బయటికి వచ్చెయ్యండి. ఖాళీ బార్‌తో ఓ పది సార్లు, తర్వాత 40తో, 60తో. అంతా సవ్యంగా కుదిరితే 80తో కూడా. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, మేం చేసినట్టు బార్‌ని వెనక్కి విసిరెయ్యడాలు వద్దు. మాకు రబ్బరు ప్లేట్లు, కింద చెక్క ప్లాట్‌ఫాం ఉండేవి. మీ జిమ్‌లో ఇనప ప్లేట్లు, కింద గ్రానైటు అయ్యుంటుంది.

ఇంకో ప్రశ్న. మీరు 80 నుంచి 85కే ఎందుకు దూకుతున్నారు? మధ్యలో అంకెలు లేవా?

ఆటోనగర్_గుమస్తా

అన్నా, మీరు రాసింది చదువుతుంటే మా ట్రైనర్ నన్ను ఏడాదిన్నర వెనక్కి తీసుకెళ్ళి మళ్ళీ మొదలెడితే బాగుండు అనిపించింది. మధ్యలో అంకెలు ఎందుకు లేవంటే, మా జిమ్‌లో అన్నిటికంటే చిన్న ప్లేటు 2.5. రెండు పక్కలా వేస్తే 5. అంతకంటే చిన్నది అడిగితే "అవి ఆడవాళ్ళకి, మనం పెట్టుకోం" అన్నాడు ఓనరు. ఏం చెప్పాలి.

కింద గ్రానైటు కాదు, టైల్స్. రెండో అంతస్తు, పైన రేకులు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, మా జిమ్‌లో మనుషులే పగిలిపోయేలా ఉన్నారు ఈ మధ్య.

అరండల్‌పేట_ఫిజియో

గుంటూరులో ఫిజియోథెరపీ చేస్తాను. బీస్ట్ గారూ, మీ లాంటి సలహాల పుణ్యమా అని నా క్లినిక్ బాగానే నడుస్తోంది, థాంక్స్. గుండె దడదడలాడుతుంటే, భయంతో ఉన్నవాడికి రెండు స్కూపుల కెఫీన్ పోసి 90 కింద నిలబెడతారా? అదీ ఈ ఎండల్లో, రాత్రి తొమ్మిదింటికి. తర్వాత నిద్ర ఎవరు పోతారు?

గుమస్తా గారూ, మీకు రెండు విషయాలు. 80 నుంచి 85 అంటే 6 శాతం పైనే. అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ 2009లో ఇచ్చిన సూచనల్లో, అనుకున్న రెప్స్ కంటే ఒకటో రెండో ఎక్కువ చెయ్యగలిగిన రోజున బరువు 2 నుంచి 10 శాతం పెంచుకోమన్నారు. ఆ లెక్కన మీ ఓనరు పెట్టిన మెట్టు మరీ తప్పుడు మెట్టేమీ కాదు. కానీ ఒకసారి జారిపడ్డ మెట్టు అది, కాబట్టి చిన్న మెట్లు కట్టుకోవడమే మంచిది. బెంచ్ ప్రెస్ (బల్ల మీద పడుకుని ఛాతీ మీంచి బార్ పైకి తోయడం) లాంటివాటిలో ఈ తేడా ఇంకా ఎక్కువ తెలుస్తుంది, 40 చేసేవాడికి 5 పెంచితే పన్నెండున్నర శాతం.

రెండోది, మీ వీడియో సంగతి. ఐదో రెప్ మొదటిదానంత వేగంగా లేచిందంటే మీరు ఆగినప్పుడు ఒంట్లో ఇంకా కనీసం మూడు నాలుగు రెప్స్ మిగిలి ఉన్నాయనే నా అంచనా. అలసిపోయిన కండరం అబద్ధం చెప్పలేదు, మీరెంత గట్టిగా తోసినా బార్ నెమ్మదిస్తుంది. ఆ నెమ్మదించే రెప్ మీరు నాలుగు నెలలుగా చూడనే లేదు. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామందికి ఇదే, "ఇంక నావల్ల కాదండీ" అంటారు, కాస్త నిలబెట్టి చేయిస్తే ఇంకో ఐదు చేస్తారు. మనిషి తన హద్దుకి దూరంగా ఉన్నప్పుడు వేసే అంచనా బాగా తప్పుతుంది, దగ్గరికి వెళ్ళేకొద్దీ సరిగ్గా వస్తుంది. అందుకని ఒక్కసారైనా అసలు హద్దు ఎలా ఉంటుందో చూడాలి. కానీ స్క్వాట్‌లో కాదు. లెగ్ ఎక్స్‌టెన్షన్ మెషీన్ ఉంటుంది కదా, కుర్చీలో కూర్చుని కాళ్ళు చాపేది. దాని మీద ఓ మోస్తరు బరువు పెట్టుకుని, కాలు ఇక అంగుళం కూడా లేవనంటే లేవను అనేదాకా చెయ్యండి. తొడలు మండిపోతాయి, మొహం వంకర్లు పోతుంది, చివరి రెప్ సగంలో వణికి ఆగిపోతుంది. ఏమీ కాదు, బరువు దానంతటదే కిందికి దిగుతుంది. మనసు "చాలు" అన్నది ఎన్నో రెప్‌లో, కాలు "చాలు" అన్నది ఎన్నో రెప్‌లో లెక్కపెట్టుకుని వచ్చి ఇక్కడ చెప్పండి.

ఆ మంట వేరు, నొప్పి వేరు. తొడ మధ్యలో రెండు కాళ్ళకీ సమానంగా మండుతూ, సెట్ ఆపిన నిమిషానికి తగ్గేది పని చేసిన మంట. మోకాలి చిప్ప కింద సూదిలా గుచ్చినా, నడుములోంచి పిర్రలోకి, కాలిలోకి లాగినా, తిమ్మిరెక్కినా అది వేరే కథ, అక్కడ పుష్ చెయ్యడాలు లేవు, ఆపెయ్యడమే. నడుము డిస్క్ నొప్పిని "కంఫర్ట్ జోన్ దాటుతున్నా" అనుకుని మూడు నెలలు మోసినవాడిని నేను చూశాను. బీపీ ఉన్నవాళ్ళు ఊపిరి బిగబట్టి పెద్ద బరువులు లేపేముందు డాక్టర్‌ని అడగాలి. మీకేం లేదనుకుంటాను, ఊరికే అందరూ చదువుతారని రాస్తున్నా.

అన్నట్టు, రాత్రి ఎనిమిదిన్నరకి జిమ్ అన్నారు. మధ్యాహ్నం తర్వాత ఏం తింటున్నారు?

ఆటోనగర్_గుమస్తా

పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం క్యారేజీ, నాలుగింటికి టీ, రెండు బిస్కెట్లు. అంతే. జిమ్ నుంచి వచ్చాక పదింటికి అన్నం.

అరండల్‌పేట_ఫిజియో

నాకు తెలుసు. 72 కిలోల మనిషి బలం పెంచుకోవాలంటే రోజుకి 110 గ్రాముల పైన ప్రొటీన్ పడాలి, మీది దాంట్లో సగం కూడా ఉండదు. గుడ్డుకి ఆరు గ్రాములు వేసుకోండి, లెక్కలు రాసేవారు, నేను చెప్పేదేముంది. ముందు సాయంత్రం ఆరింటికి రెండు ఉడకబెట్టిన గుడ్లు, అరటిపండు కొట్లోనే తినండి, పొడులూ గిడులూ తర్వాత. ఖాళీ కడుపుతో భయం కూడా రెట్టింపు ఉంటుంది.

బ్రాడీపేట_టీచరమ్మ

బాబూ, నాకు 54. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మీ కుర్రాళ్ళ మధ్య నేను దూరొచ్చో లేదో గానీ రాయకుండా ఉండలేకపోతున్నా.

మూడేళ్ళ క్రితం డెక్సా స్కాన్ తీయిస్తే ఎముకల్లో సాంద్రత తగ్గిందని చెప్పారు, నెలసరి ఆగాక ఆడవాళ్ళకి అది వేగంగా తగ్గుతుందట. మందులతో పాటు బరువులెత్తే వ్యాయామం చెయ్యమన్నారు డాక్టరుగారు. ఇంటి దగ్గర జిమ్‌కి వెళ్తే అక్కడి అబ్బాయి నన్ను ట్రెడ్‌మిల్ ఎక్కించి "మీకు వాకింగ్ చాలు ఆంటీ" అన్నాడు. నాలుగు నెలలు నడిపించాడు. రోడ్డు మీద ఉచితంగా నడవొచ్చు కదా నాయనా అంటే నవ్వుతాడు. మీరంతా మీ భయం గురించి మాట్లాడుతున్నారు, నా విషయంలో భయం నాది కాదు, వాడిది. నాకేమైనా అయితే తన మీదికి వస్తుందని. చివరికి డాక్టరుగారి చీటీ తీసుకెళ్ళి ముందు పెడితే అప్పుడు ఖాళీ బార్ చేతికిచ్చాడు. అది 20 కిలోలట, మొదటి రోజు నేల మీద నుంచి లేపలేకపోతే కింద రెండు చెక్క పెట్టెలు పెట్టించి అక్కడి నుంచి లేపాను.

మా నాన్న గుంటూరు మిర్చి యార్డులో హమాలీ. టిక్కీ అంటే మిర్చి బస్తా, 40 కిలోల పైమాటే, రోజూ ఎన్ని మోసేవారో లెక్కే లేదు. చిన్నప్పుడు క్యారేజీ ఇవ్వడానికి వెళ్తే ఆ ఘాటుకి తుమ్ములే తుమ్ములు, అక్కడ నిలబడడమే కష్టంగా ఉండేది. ఆయన చెప్పిన మాట ఒకటి ఈ చర్చ చదువుతుంటే గుర్తొచ్చింది. కొత్తగా వచ్చిన కుర్రాళ్ళకి ముందు దించే చోటు చూపించేవారట. టిక్కీ ఎవడూ ఒక్కడే నేల మీంచి ఎత్తుకోడు, ఇద్దరు పట్టి వీపు మీద వేస్తారు, వేసేలోపు ఎక్కడికి నడవాలో ఎక్కడ దించాలో వాడికి తెలిసి ఉండాలి. "దించే చోటు తెలియనోడు పది అడుగులకే కూలబడతాడు, బరువుకి కాదు, బెంగకి" అనేవారు. చీరాల అబ్బాయి చెప్పిన పిన్నుల సంగతీ అదే కదా.

పోయిన దసరా సెలవుల్లో డెడ్‌లిఫ్ట్, అంటే కింద నుంచి బార్ లేపి నిలబడడం, 42.5 కిలోలతో చేశాను. నాన్నకి 81 ఏళ్ళు, వీడియో చూపించాను. అంతా చూసి, నెలకి జిమ్‌కి ఎంత కడుతున్నావని అడిగారు. చెప్పాను. "మేం డబ్బులకి మోశాం, నువ్వు డబ్బులిచ్చి మోస్తన్నావా" అని పడీ పడీ నవ్వారు.

చిన్న ప్లేట్లు ఆడవాళ్ళకని అన్న ఆ ఓనరుని ఒకసారి మా బడికి పంపు బాబూ, శాతాలు నేర్పిస్తాను.

బెజవాడ_బీస్ట్

టీచరమ్మగారూ సూపర్ అండి. నేను జోక్‌గా అన్నా, అందరూ నా మీద పడ్డారు. నిజం చెప్పాలంటే నాది 100 కూడా సగం స్క్వాటే, పూర్తిగా కిందికి పోతే 75 కూడా డౌటే. ఎవరికీ చెప్పకండి.

చీరాల_బార్బెల్

సగం స్క్వాట్ సంగతి మాకు ముందే అర్థమైంది తమ్ముడూ, ఏం పర్లేదు.

గుమస్తా గారూ, చిన్న ప్లేట్ల గురించి. మీరు పనిచేసేది ఆటోనగర్‌లో, చుట్టూ అన్ని లేత్ షాపులు పెట్టుకుని ప్లేట్లు లేవంటే ఎలా? మీ జిమ్ బార్ ఒలింపిక్ బార్ అయితే చివర ప్లేట్లు ఎక్కే భాగం 50 మిల్లీమీటర్లు ఉంటుంది. మీ కొట్టు వెనక ఏ లేత్‌వాడి దగ్గరికైనా వెళ్ళి, ఎనిమిది మిల్లీమీటర్ల రేకు ముక్కల్లో 12 సెంటీమీటర్ల బిళ్ళలు కోయించి మధ్యలో 51 కన్నం వేయించండి. ఒక్కోటి అరకిలో పైన వస్తుంది. ఆరు చేయించుకుంటే 80కీ 85కీ మధ్య మీకు మూడు మెట్లు. ముందు మీ బార్ కొలుచుకోండి, కొన్ని జిమ్‌లలో సన్న బార్లు కూడా ఉంటాయి.

ఆటోనగర్_గుమస్తా

అన్నా, ఇది నాకెందుకు తట్టలేదు! రోజూ మధ్యాహ్నం టీ తాగేది లేత్ షాపు అరుగు మీదే.

ఆటోనగర్_గుమస్తా (ఐదు వారాల తర్వాత)

అందరికీ మళ్ళీ నమస్కారం. మధ్యలో కొట్లో ఆడిటింగ్ పడి కొంచెం లేటయింది.

బిళ్ళలు చేయించాను. లేత్ బాబాయ్ ఏ బండికని అడిగాడు, నాకేనని చెబితే కాసేపు నన్ను పైకీ కిందికీ చూసి డబ్బులు వద్దన్నాడు, బలవంతంగా ఇచ్చాను. పక్కన కిరాణా కొట్టు కాటా మీద తూస్తే నాలుగు 580 గ్రాములు, రెండు 590 వచ్చాయి. అంచులు చేతికి కోసుకోకుండా ఆయనే ఆకురాయితో రుద్దిచ్చాడు. వాటిని గుడ్డసంచీలో వేసుకుని జిమ్‌కి వెళ్తుంటే ఏదో దొంగసొత్తు పట్టుకెళ్తున్నట్టు ఉంది.

ఫిజియో గారు చెప్పిన లెగ్ ఎక్స్‌టెన్షన్ పరీక్ష చేశాను. మనసు 11 దగ్గర చాలంది. కాలు 19 దగ్గర ఆగింది. ఎనిమిది తేడా! మెట్లు దిగేటప్పుడు మాత్రం గోడ పట్టుకున్నాను.

పిన్నుల ప్రాక్టీసు ఎవరూ లేని టైమ్‌లో చేద్దామని ఆదివారం పొద్దున ఆరింటికి వెళ్ళాను. ఖాళీ బార్ వదిలితే ఖంగుమని ఒకటే మోత, రేకుల మీద పావురాలు లేచిపోయాయి. నాలుగోసారికి నాకే నవ్వొచ్చింది. 60తో చేసేటప్పుడు ఒకసారి తల వంచడం మర్చిపోయి బార్ వీపుకి గీసుకుంది, చిన్న గీత పడింది, అంతే. మోతకి ఓనరు కిందినుంచి పరుగెత్తుకొచ్చి తిట్టాడు. ఏం చేస్తున్నానో చెప్పి చూపించాను. కాసేపు నిలబడి చూసి, తనూ ఖాళీ బార్ ఎత్తుకుని ఒకసారి వదిలి చూసుకున్నాడు. మర్నాటికి పిన్నులకి పాత సైకిల్ ట్యూబు చుట్టించి పెట్టాడు, మోత సగం తగ్గింది.

ఇక బరువు. మొదటి వారం ఒక జత బిళ్ళలు, అంటే 81 పైన. నిజం చెప్తున్నా, నాకేమీ తెలియలేదు. రెండో వారం రెండు జతలు, మూడో వారం మూడు. అప్పుడు మొదటిసారి ఐదో రెప్ నెమ్మదించింది, వీడియోలో స్పష్టంగా కనిపించింది, మధ్యలో ఎక్కడో ఆగి ఆలోచించి లేచినట్టు. దాన్ని చూసి ఇంతకుముందైతే భయపడేవాడిని, ఈసారి సంతోషమేసింది, ఎందుకో తెలీదు. నాలుగో వారం 85. ర్యాక్ కింద నిలబడగానే మళ్ళీ నోరెండింది, అదేం పోలేదు. మూడు రెప్స్ వచ్చాయి. నాలుగోది సగంలో ఆగిపోయింది. కిందికి దిగి, పిన్నుల మీద వదిలేసి, బయటికొచ్చి, సీసాలో నీళ్ళు తాగాను. ఎవరూ తలతిప్పి చూడలేదు. అదే ట్రైనర్ పక్కనే ఎవరికో డంబెల్స్ చూపిస్తున్నాడు. మొన్న మంగళవారం 85 ఐదు రెప్స్ ఒక సెట్ అయింది, రెండో సెట్ నాలుగు.

గుడ్లు తింటున్నాను. కొట్లో అందరూ వాసన అని గోల చేస్తే వేరుశెనగపప్పు ఉండలకి మారాను, ఇప్పుడు వాళ్ళే అడిగి తింటున్నారు, నాకు మిగలట్లేదు.

ఇప్పుడు బెంచ్ మీద పడ్డాను. అక్కడా ఇదే భయం, 55 దగ్గర. మా బెంచ్‌కి పిన్నులు లేవు, పక్కన నిలబడే స్పాటర్ ఒక్కోరోజు దొరకడు. ఏం చెయ్యాలి?

చీరాల_బార్బెల్

స్పాటర్ లేని రోజున బెంచ్‌ని ఎత్తుకెళ్ళి స్క్వాట్ ర్యాక్ లోపల పెట్టుకోండి, పిన్నులు ఛాతీకి కొంచెం కిందగా, మెడకి పైగా వచ్చేలా. పడుకుని ఖాళీ బార్‌తో ముందు చూసుకోవాలి, ఛాతీ ఎత్తి పడుకుంటే బార్ తగలాలి, వీపు చదును చేస్తే పిన్నులు ఆపాలి. ఇంకా ర్యాక్ కూడా ఖాళీ లేకపోతే ఆ రోజు డంబెల్స్ చేసుకుని ఇంటికెళ్ళండి. తప్పక బార్‌తోనే చెయ్యాల్సి వస్తే ప్లేట్లు జారకుండా బిగించే క్లిప్పులు పెట్టొద్దు, ఇరుక్కుంటే ఒక పక్కకి వంచితే ప్లేట్లు జారిపోతాయి, మోత మోగినా మనిషి బతుకుతాడు. బొటనవేలు బార్ చుట్టూ ఉండాలి, కొంతమంది వెయ్యరు, అది మాత్రం చెయ్యొద్దు.

వచ్చే శనివారం నేను బందరు రోడ్డులో పని మీద విజయవాడ వస్తున్నా. సాయంత్రం కుదిరితే మీ జిమ్‌కి వచ్చి పిన్నులు ఎక్కడ పెట్టాలో చూపిస్తా. మీ ఓనరు ఏమీ అనడు కదా?

ఆటోనగర్_గుమస్తా

రండి అన్నా, ఏమీ అనడు. మొన్న ఆయనే నా బిళ్ళలు అడిగి తీసుకుని బెంచ్ చేశాడు, ఇంకా తిరిగివ్వలేదు.

బెజవాడ_బీస్ట్

శనివారం ఎన్నింటికి? నేను కూడా వస్తా. పూర్తి స్క్వాట్ నేర్చుకోవాలి, వీడియో మాత్రం తీయొద్దు.